ఎడమకి తిప్పితే ఆగిపోయే బండి

తాళం తిప్పండి. పెట్రోలు ముల్లు లేవదు. హారన్ నొక్కితే కీచుమనదు, సెల్ఫ్ నొక్కితే లోపల రిలే టిక్కుమనదు. పోనీ కిక్ కొట్టండి. ఇంజను తిరుగుతుంది గాని అంటుకోదు. ఈ బండిలో ప్లగ్గుకి నిప్పురవ్వ పంపే సీడీఐ బాక్సు బ్యాటరీ కరెంటు మీదే నడుస్తుంది. కొన్ని పాత స్కూటర్లలో ఆ బాక్సుకి కరెంటు నేరుగా మాగ్నెటో కాయిల్ నుంచి వచ్చేది కాబట్టి బ్యాటరీ పీకి పక్కన పెట్టినా కిక్కుకి లేచేవి. ఇది లేవడం లేదంటే కరెంటు మొదట్లోనే తెగిందన్నమాట.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక రోడ్డు వారనున్న రేకుల షెడ్డు ఇది. రాత్రి వానకి గుమ్మం ముందు బురద. గోడ మేకులకి పాత బళ్ల నుంచి పీకిన వైరింగ్ కిట్లు వేలాడుతున్నాయి. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంకా చెయ్యి వెయ్యలేదు. బండి 2015 మోడల్, మూడు చేతులు మారింది. ప్రస్తుత యజమాని అంగన్‌వాడీ టీచరు. గొడుగు మడిచి స్టూలు మీద కూర్చుంది.

"ఎప్పుడు ఆగుతోందమ్మా?"

"ఎప్పుడు పడితే అప్పుడేనండి."

"అలా ఉండదమ్మా. ఆగినప్పుడు మీరేం చేస్తున్నారో చెప్పండి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మొన్నేమో మా వీధి మలుపులోనండి. అంతకుముందు పెట్రోలు బంకులో వెనక్కి తిప్పుకుంటుంటే. ఇవాళ ఇంటి ముందు, గేట్లోంచి తీస్తుంటే."

"అన్నీ తిరుగుడే," అన్నాడు మేస్త్రి, పనిలో సాయానికున్న కుర్రాడి వైపు చూస్తూ. కుర్రాడికి అర్థమైంది. మ్యాట్ ఎత్తి ఫుట్‌బోర్డు మూత స్క్రూలు విప్పడం మొదలెట్టాడు.

మూత తీస్తే బ్యాటరీ, పక్కనే ఫ్యూజు పెట్టె. వంగి చూడండి. ఫ్యూజు పసుపు రంగులో ఉంది. ఈ రెక్కల ఫ్యూజులకి రంగే అంకె: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. పెట్టె మూత మీద అచ్చు వేసింది మాత్రం 10. మేస్త్రి దాన్ని లాగి వెలుతురుకి పట్టాడు. మధ్య తీగ కరిగి, ప్లాస్టిక్ లోపల మసి.

"ఇదెవరు వేశారమ్మా?"

"పోయిన నెల ఒకచోట చూపించామండి. పది వేస్తే పోతోందని ఇరవై వేశారు. ఇక పోదన్నారు."

ఇరవై కూడా పోయింది. పదికే తెగి ఆగాల్సిన కరెంటు ఇరవై దాకా పారింది, ఆ వేడంతా వైరు మోసింది. ఫ్యూజు అనేది వైరుని కాపాడ్డానికి. దాన్ని గట్టిది చేస్తే అడుగున కాలేది వైరే. ఇదే మన షెడ్లలో జరిగే అతి పెద్ద తప్పని నేననుకుంటాను. ఫ్యూజు చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టినవాళ్లనీ చూశాను గాని, వాళ్ల సంగతి ఇక్కడ వద్దు.

కుర్రాడు ఎర్ర ఫ్యూజు అందించబోయాడు. మేస్త్రి తీసుకోలేదు. అదీ పోతుంది, ఇంకోటి పెడితే అదీ పోతుంది, పోయిన ప్రతిసారీ మనకి తెలిసేది పోయిందనే. బల్ల సొరుగులోంచి ఒక బ్రేక్ లైటు బల్బు తీశాడు, 21 వాట్లది. దానికి రెండు వైర్లు, వాటి కొసల్లో క్లిప్పులు. ఆ రెండు క్లిప్పుల్నీ ఫ్యూజు ఉండాల్సిన రెండు కాళ్లకి తగిలించాడు. ఇప్పుడు బండిలోకి వెళ్లే కరెంటంతా ఈ బల్బు గుండా పోవాలి. లోపల ఎక్కడ షార్ట్ అయినా పన్నెండు వోల్టులూ బల్బు మీదే పడతాయి, అది పూర్తిగా వెలుగుతుంది. 21 వాట్ల బల్బు ఒకటిముప్పావు ఆంపియరుకి మించి పోనివ్వదు కాబట్టి ఏదీ కాలదు. మల్టీమీటరు పక్కనే ఉంది, ఈ పనికి అది అక్కర్లేదు.

తాళం వేశాడు. బల్బులో తీగ ఎర్రగా కనీకనపడకుండా ఉంది. మీటరు బోర్డు, సీడీఐ తీసుకునే చిన్న కరెంటు అది. హ్యాండిల్ కుడికి తిప్పాడు. మార్పు లేదు. నెమ్మదిగా ఎడమకి... సగం, ముప్పావు, ఇంకో రెండంగుళాలు... బల్బు భగ్గున వెలిగింది. వెనక్కి తెస్తే ఆరింది. మళ్లీ ఎడమకి, మళ్లీ వెలుగు. టీచరు స్టూలు వదిలి దగ్గరికొచ్చింది.

"ఇప్పుడు చూడండి," అని తాళం తీసేసి ఎడమకి తిప్పాడు. వెలగలేదు. తాళం వేస్తేనే షార్టు. అంటే బ్యాటరీ నుంచి తాళం దాకా వచ్చే ఎర్ర వైరు బాగానే ఉంది, తాళం దాటాక వెళ్లే నల్లవైరు ఎక్కడో ఇనుముని తాకుతోంది. ఒక్క స్క్రూ కూడా అదనంగా విప్పకుండానే సగం బండిని లెక్కలోంచి తీసేశాడు.

నల్లవైరు అంటే అన్ని బళ్లలోనూ ఒకటే అనుకోకండి. ఇది హోండా రంగుల పద్ధతి: ఎరుపు బ్యాటరీ, నలుపు తాళం తర్వాతి లైవ్, ఆకుపచ్చ ఎర్త్, లేత ఆకుపచ్చ హారన్, నారింజ ఎడమ ఇండికేటరు, లేత నీలం కుడిది. యమహా దగ్గరికి వెళ్తే అదే నలుపు ఎర్త్ అవుతుంది. బజాజ్ బళ్లలో నలుపు మీద పసుపు గీత ఎర్త్, కవాసాకీలో కూడా అంతే. ఒక కంపెనీ బండి మీద చెయ్యి తిరిగినవాడు ఇంకో కంపెనీ బండి విప్పి, అలవాటు చొప్పున నలుపుని లైవ్ అనుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

హ్యాండిల్ మీది డూమ్ తెరిచాడు. స్విచ్చుల కప్లర్లు పీకి మళ్లీ ఎడమకి తిప్పాడు. బల్బు ఇంకా వెలుగుతోంది. తప్పు పైన లేదు, కింద మెడ దగ్గరుంది. ముందు ప్యానెల్ ఊడాలి. పాత బండి ప్యానెల్ విప్పడం ఓ పరీక్ష. ప్లాస్టిక్ లాకులు ఎండకి పెళుసెక్కి ఉంటాయి, రెండు అప్పటికే విరిగి వాటి స్థానంలో ఎవరో చెక్క మరలు బిగించారు. కుర్రాడు ఊడదీసిన వరసలోనే స్క్రూలని అట్టముక్కకి గుచ్చుకుంటూ వచ్చాడు.

ప్యానెల్ వచ్చింది. టార్చి పట్టుకుని మీరూ తొంగి చూడండి. హారన్ వెనక స్టీరింగ్ మెడ పక్కన వైర్ల కట్ట మొత్తాన్నీ ఫ్రేముకి ఒక తెల్ల ప్లాస్టిక్ ట్యాగుతో బిగించి కట్టేశారు. కంపెనీ అక్కడ కట్టదు. హ్యాండిల్ అటూ ఇటూ తిరగాలంటే కట్టకి వదులు కావాలి. ఆ ట్యాగు వల్ల ఎడమకి తిప్పినప్పుడల్లా కట్ట లాగుకుపోయి, హారన్ క్లాంపు అంచు మీద ఒరుసుకుంటోంది.

మేస్త్రి బ్యాటరీ నెగెటివ్ విప్పి పక్కకి తోసి, అప్పుడు ట్యాగు కత్తిరించాడు. కట్ట మీది టేపు విప్పుతుంటే పొరలు పొరలుగా పాత చేతులు బయటపడ్డాయి. పైన ఎర్ర టేపు. దాని కింద, నమ్మండి, గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు. దాని కింద జిగురు కారిన నల్ల టేపు. అన్నిటికీ అడుగున నల్లవైరు మధ్యలో ఒక నీలం ముక్క అతుకు వేసి ఉంది, స్విచ్ బోర్డుల్లో వాడే ఒంటి తీగ వైరు.

"ఇదిగో, ఇల్లు," అన్నాడు మేస్త్రి.

ఒంటి తీగ గోడలో కదలకుండా పడుంటే ముప్పై ఏళ్లయినా ఉంటుంది. బండిలో పెడితే అదురుకీ వంపుకీ అలిసి విరుగుతుంది. వాహనాల వైర్లలో సన్నటి పోగులు బోలెడు ఉండేది ఆ వంపు కోసమే. ఇక్కడ నీలం తీగ విరగలేదు గాని, మెలేసిన అతుకు టేపుని చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చింది. క్లాంపు మీద దానికెదురుగా రంగు లేచి, చిన్న చిన్న కాలిన గుంటలు కనిపిస్తున్నాయి. ఫ్యూజు పోయినప్పుడల్లా అక్కడొక నిప్పురవ్వ పుట్టిందని ఆ గుంటలే సాక్ష్యం. ఇరవై ఆంపియర్ల వేడికి నల్లవైరు తోలు మెత్తబడి పక్కనున్న ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ వైర్లకి అంటుకుపోయింది.

"కొత్త కిట్ వేయించమన్నారండి ఆ షాపులో," అంది టీచరు.

"కొత్త కిట్ వేసినా ఈ ట్యాగు ఇలాగే బిగిస్తే ఆర్నెల్లకి ఇదే కథమ్మా. వైరు దానంతటది చెడదు. ఎలకన్నా కొరకాలి, మనిషన్నా కెలకాలి."

నీటినీ ఉప్పుగాలినీ కూడా ఆ జాబితాలో చేర్చాలి. నల్లవైరు తోలు ఒలుస్తుంటే లోపలి రాగి రాగిలా లేదు. అతుకు దగ్గర ఆకుపచ్చ చిలుం, ఇంకా లోపలికి పోతే నలుపు. నీళ్లు అతుకులోంచి దూరి పోగుల మధ్య సందుల్లో పాకుతాయి, సముద్రపు గాలి మిగతాది చేస్తుంది. నల్లబడ్డ రాగికి సోల్డరు అంటదు, జారిపోతుంది. అందుకే అంగుళం కోసి చూశాడు, ఇంకో అంగుళం కోశాడు, ఎర్రగా మెరిసే రాగి తగిలేదాకా కోస్తూనే పోయాడు. చివరికి మెడకి పైనా కిందా కలిపి జానెడు వైరు పోయింది.

పోయిన చోటే అతకడు. సోల్డరు కరిగి పోగుల్లోకి ఇంకిన మేర వైరు బిగుసుకుపోతుంది, ఆ బిగుసు ఆగే అంచులోనే వంగి వంగి తెగుతుంది. కాబట్టి వంపు తిరిగే మెడ దగ్గర అతుకు ఉండకూడదు. మెడకి కింద తిన్నగా ఉన్న చోట ఒక అతుకు, పైన డూమ్‌లో ఇంకోటి, ఆ రెంటి మధ్యా ఒకే ముక్క కొత్త వైరు. గోడ మీది పాత కిట్లలోంచి నల్లది, ఆకుపచ్చది, లేత ఆకుపచ్చది వెతికి అదే లావువి కోశాడు. లేత ఆకుపచ్చది దొరకడానికి కాస్త టైం పట్టింది. ఏదో ఒక రంగు వేసేయొచ్చు కదా అని కుర్రాడి ముఖం అడుగుతోంది.

"రేపు దీన్ని ఇంకోడు విప్పుతాడ్రా. వాడు నన్ను తిట్టుకోకూడదు."

ముందు స్లీవు ముక్క వైరుకి ఎక్కించాడు, ఆ తర్వాత రెండు కొసల పోగుల్నీ ఒకదానిలోకి ఒకటి చొప్పించి మెలేశాడు. సోల్డరింగ్ ఐరన్ మొన వైరు అడుగున ఆనించి సోల్డరు తీగని పైనుంచి ముట్టించాడు. వేడెక్కాల్సింది వైరు, వైరు కరిగించాలి సోల్డరుని. ఐరన్ మీద కరిగించి చుక్క వేస్తే పైకి నిగనిగలాడుతుంది గాని లోపల పట్టు ఉండదు. ఒక్క క్షణంలో వెండి రంగు పోగుల్లోకి ఇంకిపోయింది. ఊదకుండా దానంతటది ఆరనిచ్చి, స్లీవుని అతుకు మీదికి జరిపి లైటరు సెగ చూపిస్తే బిగుసుకుంది. మూడు వైర్ల అతుకులూ పక్కపక్కన రాకుండా ఒక్కోటీ రెండేసి అంగుళాల ఎడంతో వేశాడు. అలాగైతే ఎప్పుడైనా ఒక స్లీవు చిరిగినా పక్కనున్న అతుకుని తాకదు, కట్ట ఒకేచోట ఉబ్బదు.

అతుకులు చల్లారేలోగా ఒక మాట. ఇంత హాయిగా బల్బు పెట్టి వెతకడం ఇలాంటి కార్బురేటర్ బళ్లకి చెల్లుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన బీఎస్-6 బళ్లలో చాలావాటికి పెట్రోలు ఇంజెక్షన్, దాన్ని నడిపే ఈసీయూ అనే కంప్యూటరు, దాని చుట్టూ సెన్సర్లు. ఆ సెన్సర్ల వైర్లలో పారేది చీమంత కరెంటు. వాటి మీద 21 వాట్ల బల్బు ఆనిస్తే వైరు దొరక్కముందే ఈసీయూ పోవచ్చు. అక్కడ మీటరు, స్కానరు, సర్క్యూట్ బొమ్మ కావాలి. మేస్త్రి దగ్గర స్కానరుంది, కవరు కూడా తియ్యకుండా భద్రంగా వాడుతున్నాడు.

బ్యాటరీ నెగెటివ్ బిగించి, బల్బు తీసి, ఎర్ర ఫ్యూజు పెట్టాడు. తాళం. పెట్రోలు ముల్లు లేచింది. హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పినా ముల్లు కదల్లేదు. టీచరు పర్సు తీసింది.

"ఆగండమ్మా. కుడి ఇండికేటరు వెయ్యరా."

ఇండికేటరు కొట్టుకుంటోంది. దాంతోపాటు వెనక టెయిల్ లైటూ మినుకు మినుకుమంటోంది. కుర్రాడు బ్రేక్ నొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి మసకబారింది. చూసినవాళ్లకి దయ్యం పట్టినట్టుంటుంది గాని ఇది ఎర్త్ చెడిన బండి లక్షణం. బల్బులోంచి కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఆకుపచ్చ వైరు దారి. సొంత గుమ్మం మూసేస్తే పక్కింటి పెరట్లోంచి వీధిలోకి పోయినట్టు, ఆ కరెంటు ఇంకో బల్బు తీగలోంచి దారి చూసుకుంటుంది.

ఇప్పుడు మల్టీమీటరు బయటికొచ్చింది. దాని వాడకం దగ్గరే చాలామంది మోసపోతారు, జాగ్రత్తగా చూడండి. కుర్రాడు బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంకో కొస టెయిల్ లైటు ఎర్త్‌కీ ఆనించాడు. బీప్ మంది. "బానే ఉంది బాబాయ్." మేస్త్రి వోల్టులకి మార్చి అవే రెండు చోట్ల పెట్టమన్నాడు. సున్నా. "ఇప్పుడు బ్రేక్ నొక్కు." అంకె ఎగిరి 3.8 దగ్గర ఆగింది. బాగున్న ఎర్త్ వైరులో బ్రేక్ లైటు వెలుగుతుండగా వోల్టులో పదోవంతో, రెండు పదోవంతులో మించి కనపడకూడదు. ఇక్కడ బ్యాటరీ ఇచ్చే పన్నెండులో దాదాపు నాలుగు దారిలోనే తగలడుతున్నాయి. తెగిన పోగులు ఆనీ ఆనకుండా తాకుతున్నా మీటరు బీప్ మంటుంది, ఎందుకంటే మీటరు అడిగే కరెంటు లేశమంత. బరువు మోయమంటేనే ఆ పోగులు చేతులెత్తేస్తాయి. వైరు బాగుందో లేదో బల్బు వెలుగుతుండగానే కొలవాలి.

సీటు డిక్కీ ఊడదీస్తే సంగతి తెలిసింది. కొబ్బరి పీచు, చిరిగిన పాలిథీన్, వేరుశనగ తొక్కలు. ఎలక కాపురం. ఎలక ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, దానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. నాలుగు వైర్ల తోలు ఒలిచేసింది, ఆకుపచ్చది తెగి, దాని పోగులు రెండు మాత్రం ఆనీ ఆనకుండా తాకుతున్నాయి. ఇక్కడ పని తేలిక, వంపు లేదు, ఉప్పు లేదు. అతికి, స్లీవు వేసి, కట్ట మొత్తానికి మందపాటి గొట్టం తొడిగాడు. మళ్లీ బ్రేక్ నొక్కితే అంకె 0.1. టెయిల్ లైటు దయ్యం వదిలింది.

మిగిలింది బ్యాటరీ. పొద్దున్న కొలిస్తే 12.1 చూపింది, నిండుగా ఉన్నది తీరిగ్గా ఉన్నప్పుడు 12.6 దాటాలి. ఇంజను లేపి ఆక్సిలరేటరు కాస్త ఇస్తే 14.2 వచ్చింది. చార్జింగ్ బాగుంది, దాన్ని అదుపు చేసే ఆర్ఆర్ యూనిట్ తప్పు లేదు. మరి ఎవరు తాగుతున్నారు? ఇంజను ఆపి, తాళం తీసి, నెగెటివ్ వైరు ఊడదీసి, ఆ సందులో మీటరుని మిల్లీ ఆంపియర్లలో పెట్టాడు. ఇలా పెట్టినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకండి, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. తాళం తీసున్న బండి దాదాపు సున్నా చూపాలి. 60 చూపిస్తోంది. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన మూడున్నర రోజుల్లో ఖాళీ. సెల్ఫ్ అంతకంటే ముందే మొరాయిస్తుంది.

"సోమవారం తీస్తే సెల్ఫ్ కొట్టదండి, నిజవే," అంది టీచరు.

మేస్త్రి ముందు గ్లోవ్‌బాక్సులోకి చెయ్యి పెట్టి, అక్కడ బిగించిన మొబైల్ చార్జరు వైరు లాగాడు. అంకె సున్నాకి పడింది. ఎప్పుడూ లైవ్‌లో ఉండే ఎర్ర వైరుకి, ఫ్యూజుకి ముందు, మెలేసి టేపు చుట్టారు. అక్కడ షార్ట్ అయి ఉంటే ఆపేందుకు ఏ రంగు ఫ్యూజూ లేదు.

"పీకి పారేస్తానమ్మా."

"వద్దండి బాబూ! సర్వేలన్నీ ఫోన్లోనే చెయ్యాలి మాకు. మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోద్ది."

మేస్త్రి నిట్టూర్చి, చార్జరుని నల్లవైరుకి మార్చాడు, మధ్యలో రెండు ఆంపియర్ల చిన్న ఫ్యూజు వేశాడు. తాళం వేస్తేనే పనిచేస్తుంది ఇక. ఎర్ర వైరు మీది పాత గాటుని మూసి, ప్యానెల్ బిగించమని కుర్రాడికి చెప్పాడు. కట్ట మెడ దగ్గర వదులుగా, వేలు దూరేంత సందుతో ఉంది. తెల్ల ట్యాగు లేదు.

టీచరు బండెక్కి హారన్ నొక్కింది. మోగింది, గొంతు పట్టేసినట్టు.

"ఇదివరకు ఇలా లేదండి."

"ఇదివరకు ఫ్యూజు కూడా లేదమ్మా," అంటూ మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకుని ప్యానెల్ జాలీ సందులోంచి హారన్ వీపు మీది మరని వెతికాడు. "నొక్కి పట్టుకోండి." పావు చుట్టు తిప్పాడు, బొంగురు. ఇంకాస్త, పూర్తిగా ఆగింది. వెనక్కి రవ్వంత తిప్పితే వీధి కుక్క లేచి పారిపోయేంత గట్టిగా మోగింది. "చాలా?"

"ఇంకొంచెం పెంచండి," అంది టీచరు. "మా వీధిలో గేదెలుంటాయండి."